వైఫై పోతోందని రౌటర్ మార్చేముందు ఒక్కసారి డ్రైవర్ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రిక ఉత్తరాల పేజీకి రాయడం నాకిదే మొదటిసారి. తెనాలిలో పన్నెండేళ్లుగా డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నాను. కిందటి అక్టోబర్ నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకే మాట ఎక్కువగా వింటున్నాను: "కంప్యూటర్‌లో కొత్త విండోస్ వేయించాం, అప్పట్నుంచి వైఫై ఊరికే పోతోంది." 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది కదా, స్క్రీన్ మీద హెచ్చరికలు వచ్చేసరికి చాలామంది కంగారుపడి విండోస్ 11కి మారారు. మారడం తప్పు కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు లేని కంప్యూటర్‌తో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదని నేనే అందరికీ చెబుతుంటాను. కానీ మారాక నెట్ తెగితే ఏం చూడాలో వాళ్లకు చెప్పేవాళ్లు లేక, ఒకాయన రౌటర్ కొంటున్నాడు, ఇంకొకాయన నెట్ కనెక్షనే మార్చేస్తున్నాడు, ఇంకొకరు బాగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌ని సగం ధరకి అమ్ముకుంటున్నారు. అది చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. రౌటర్ మార్చేముందు చూడాల్సింది డ్రైవర్‌ని, అంటే ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్‌ని.

మా హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు ఉన్నారు. రిటైరై పదిహేనేళ్లు దాటింది. కూతురు వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. రోజూ పొద్దున ఆరింటికి, అంటే వాళ్లకి సాయంత్రం, మాస్టారు స్నానం చేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏడేళ్ల మనవరాలికి వీడియో కాల్‌లో గుణింతాలు నేర్పుతారు. చిన్న బ్లాక్‌బోర్డు, సుద్దముక్క, పక్కన తడిగుడ్డ, అంతా పాత పద్ధతే. సంక్రాంతికి వచ్చిన బంధువుల కుర్రాడు "తాతగారూ, ఇది పాతబడిపోయింది" అని విండోస్ 11 వేసి వెళ్లాడు. మంచి మనసుతోనే చేశాడు. మర్నాటి నుంచి కాల్ పది నిమిషాలకోసారి తెగడం మొదలైంది. ఇటు మాస్టారు "కృ" రాస్తూ ఉంటారు, అటు పిల్ల నోరు తెరిచినది తెరిచినట్టే బొమ్మలా నిలిచిపోతుంది. మూడు నాలుగు నిమిషాలకి మళ్లీ కలుస్తుంది, అప్పటికి పిల్ల లేచి ఆటకి వెళ్లిపోతుంది.

నెట్ వాళ్లని పిలిస్తే కుర్రాడొచ్చి వైరు చూసి, "రౌటర్ పాతది సార్" అన్నాడు. మాస్టారు రెండువేల చిల్లర పెట్టి కొత్త రౌటర్ కొన్నారు. తేడా ఏం లేదు. రిపేరు షాపుకి తీసుకెళ్తే బోర్డు పోయినట్టుందని, బాగుచేయించడం దండగని, నలభై ఐదు వేలలో కొత్తది వస్తుందని చెప్పారట. పెన్షన్ మీద బతికే మనిషి, పైగా ఆ ల్యాప్‌టాప్ కూతురు మొదటి జీతంతో కొనిచ్చింది, మనసొప్పక నా దగ్గరికి వచ్చారు. "ఒరేయ్ అబ్బాయ్, ఇదొకసారి చూస్తావా, నీకు వీలున్నప్పుడే" అంటూ ల్యాప్‌టాప్‌తో పాటు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి ఇచ్చారు.

ఆ కాగితం గురించి చెప్పాలి. ఆరు రోజుల పాటు నెట్ పోయిన ప్రతిసారీ మాస్టారు టైము రాసి పెట్టారు. "6.12 పోయినది, 6.15 వచ్చినది. చార్జర్ లేదు." "6.31 పోయినది. చార్జర్ పెట్టితిని. 7.05 దాకా పోలేదు." స్క్రీన్ మీద ఏం వచ్చిందో కూడా "నో ఇంటర్నెట్, సెక్యూర్డ్" అని తెలుగు అక్షరాల్లో ముత్యాల్లా రాశారు. ఈ పన్నెండేళ్లలో ఇంత మంచి వివరం తెచ్చిన కస్టమర్ నాకు ఇంకొకరు లేరు. ఎందుకంటే నెట్ తెగడం షాపులో కనిపించే జబ్బు కాదు. షాపుకి తెచ్చినప్పుడు చార్జర్ పెట్టి ఉంటుంది, రౌటర్ రెండడుగుల దూరంలో ఉంటుంది, అంతా బాగానే నడుస్తుంది, "బాగానే ఉంది కదండీ" అని పంపించేస్తాం.

అందుకే ఆదివారం పొద్దున ఆరింటికి వాళ్లింటికే వెళ్లాను. కాల్ మొదలైన తొమ్మిది నిమిషాలకి తెగింది. మూలన ఉండే వైఫై గుర్తు పోయి భూగోళం బొమ్మ వచ్చింది. అదే బల్ల మీద, అదే వైఫైకి కలిసి ఉన్న నా ఫోన్‌లో మాత్రం వీడియో ఆగకుండా నడుస్తోంది. ఈ ఒక్క పరీక్ష ఎవరైనా చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు, కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో పోయినప్పుడు ఫోన్‌లో కూడా పోతే గొడవ రౌటర్‌దో లైనుదో. ఫోన్‌లో ఉండి ల్యాప్‌టాప్‌లోనే పోతే రౌటర్ మార్చి దాదాపుగా ప్రయోజనం ఉండదు. ఇంకా నమ్మకం కలగాలంటే ల్యాప్‌టాప్‌ని ఇంటి వైఫై నుంచి తీసి ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి అరగంట చూడండి. అక్కడా తెగితే ఇక రౌటర్‌ని ఏమీ అనక్కర్లేదు. మాస్టారు రౌటర్ కొనకముందు ఎవరైనా ఈ అరగంట కూర్చుని ఉంటే ఆ రెండువేలు మిగిలేవి. నాకు బాధ కలిగించింది అదే.

కొంచెం కంప్యూటర్ తెలిసినవాళ్ల కోసం ఇంకో పద్ధతి చెబుతాను. కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ, రెండు తెరిచి, ఒకదాంట్లో ఇంటి రౌటర్‌కి, ఇంకోదాంట్లో బయట ఉన్న ఒక సర్వర్‌కి ఆగకుండా పింగ్ పెట్టండి. పింగ్ అంటే "ఉన్నావా?" అని అడగడం, "ఉన్నా" అని జవాబు రావడం, అంతే. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, బయటిదానికి 8.8.8.8 వాడుకోవచ్చు. తెగినప్పుడు రౌటర్ జవాబిస్తూ బయటిది ఒక్కటే ఆగితే లైను గొడవ, నెట్ వాళ్లకి ఫోన్ చేయండి. రెండూ ఒకేసారి ఆగితే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యనే తెగుతోందని అర్థం. మాస్టారింట్లో రెండూ ఒకే క్షణంలో ఆగిపోయాయి.

ఇక్కడ నేనూ ఒక తప్పు చేశాను, మీ పాఠకులు చేయకూడదని చెబుతున్నాను. తొందరపడి సెట్టింగ్స్‌లో ఉండే నెట్‌వర్క్ రీసెట్ నొక్కేశాను. అది నెట్‌వర్క్ కార్డులన్నిటినీ తీసేసి మళ్లీ పెట్టి కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేస్తుంది, సేవ్ చేసి ఉంచుకున్న వైఫై పాస్‌వర్డులు అన్నీ పోతాయి. మాస్టారి పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పొద్దున ఉన్న కాస్త నెట్టూ పోయేది. ఇంతా చేస్తే తెగడం ఆగలేదు. రీసెట్ పనికిరాదని కాదు, కొన్ని కేసుల్లో దాంతోనే బాగుపడుతుంది, కానీ అది మొదట చేసే పని కాదు. పాస్‌వర్డులు రాసిపెట్టుకుని, మిగతావి చూశాక, చివర్లో చేసే పని.

ఆ తర్వాత చేసింది అసలు పని. విండోస్‌లోనే వైఫైకి ఒక రిపోర్టు ఉంటుంది, చాలామందికి తెలియదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అని ఒక మాట, డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్ అని రెండో మాట, షో అని మూడో మాట, డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్ పక్కనే రిపోర్ట్ కలిపి నాలుగో మాట, మధ్యలో ఖాళీలిచ్చి టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగిందో ఒక పేజీలా తయారవుతుంది, తెగిన చోట ఎర్ర గుర్తులుంటాయి. ఆ పేజీ పక్కన మాస్టారి కాగితం పెట్టి చూస్తే చివరి మూడు రోజుల టైములూ అచ్చం సరిపోయాయి. 6.12 అన్నచోట ఆయన కాగితంలోనూ 6.12, కంప్యూటర్‌లోనూ 6.12. కారణం అన్నచోట ఇంగ్లిష్‌లో ఉన్న మాటకి అర్థం, నెట్‌వర్క్‌ని డ్రైవరే తెంచేసింది అని. మాస్టారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "అయితే బోర్డు పోలేదన్నమాట" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి ఉంటే మీరు కూడా ఈ ఉత్తరం రాసేవారు.

డ్రైవర్ అంటే ఏమిటో షాపులో నేను ఇలా చెబుతుంటాను. ల్యాప్‌టాప్ లోపల వైఫై కార్డు అని బిస్కెట్టు కన్నా చిన్న ముక్క ఒకటి ఉంటుంది. దానికి విండోస్ భాష రాదు, విండోస్‌కి దాని భాష రాదు. ఇద్దరి మధ్యా దుబాసీ డ్రైవర్. విండోస్ 10 నుంచి 11కి మారినప్పుడు ఇల్లు కొత్తదవుతుంది, దుబాసీ మాత్రం చాలాసార్లు పాతవాడే వస్తాడు. మామూలు మాటలు బాగానే చెబుతాడు, అందుకే నెట్ వస్తుంది, పాటలు వస్తాయి, అంతా బాగుందనిపిస్తుంది. చిక్కు వచ్చేది నిద్ర విషయంలో. రౌటర్ సెకనుకి దాదాపు పదిసార్లు "నేనున్నాను" అని ఒక సంకేతం పంపుతూ ఉంటుంది. బ్యాటరీ ఆదా చేయడానికి కార్డు ఆ సంకేతాల మధ్య కునుకు తీసి, సరిగ్గా టైముకి లేచి వింటుంది. ఎప్పుడు నిద్రపోవాలి, ఎప్పుడు లేవాలి అన్నది విండోస్ చెబుతుంది, డ్రైవర్ అందుకుని కార్డుకి చేరవేస్తుంది. ఆ మాట సరిగ్గా చేరకపోతే కార్డు లేవాల్సినప్పుడు లేవదు, వరసగా కొన్ని సంకేతాలు తప్పిపోతాయి, ఇక రౌటర్ లేదనుకుని లైను వదిలేస్తుంది. చార్జర్ పెట్టినప్పుడు ఎందుకు తెగలేదో ఇప్పుడు అర్థమవుతుంది: కరెంటు మీద ఉన్నప్పుడు ఆ నిద్రలు తక్కువ. మాస్టారు కాగితం మీద రాసిన "చార్జర్ పెట్టితిని" అన్న ఒక్క ముక్క సగం రోగం చెప్పేసింది.

స్టార్ట్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లోకి, అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్‌లోకి వెళ్లి, వైఫై కార్డు మీద రెండుసార్లు నొక్కితే డ్రైవర్ అనే ట్యాబ్‌లో తేదీ ఉంటుంది. మాస్టారిది 2019 నాటిది. విండోస్ 11 బయటికి వచ్చిందే 2021 అక్టోబర్‌లో. రెండేళ్ల ముందటి దుబాసీ! ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబర్ పట్టుకుని ఆ కంపెనీ సపోర్ట్ సైట్‌లో చూస్తే విండోస్ 11కి వేరే డ్రైవర్ పెట్టే ఉంది, ఎవరూ వేయలేదు అంతే. మధ్యలో వైఫై తెగుతుంది కాబట్టి నా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ మీద, అంటే ఫోన్‌లోని నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇచ్చి, డౌన్‌లోడ్ చేశాను. వేసి, రీస్టార్ట్ చేసి, అదే డివైస్ మేనేజర్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతి ఇచ్చే టిక్కు తీసేశాను. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ అసలు కనిపించదు, కంగారు పడొద్దు, వాటికి ఎక్కువగా డ్రైవర్ మార్చడమే మందు. మర్నాడు సోమవారం చార్జర్ పెట్టకుండా గంటా పది నిమిషాలు కాల్ నడిచింది. మనవరాలు "కౌ" దాటి "ఖ" గుణింతంలోకి వెళ్లిందని మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. అయిన ఖర్చు సున్నా.

డ్రైవర్ కోసం వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. "మీ డ్రైవర్లన్నీ ఉచితంగా అప్‌డేట్ చేస్తాం" అని వచ్చే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. వాటితో వచ్చిన చెత్త వదిలించడానికి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్, లేదా విండోస్ అప్‌డేట్ లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉండే ఆప్షనల్ అప్‌డేట్స్, ఈ రెండూ చాలు. కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఏమీ లేకపోతే కార్డు తయారుచేసిన కంపెనీ సైట్‌కి వెళ్లవచ్చు. కార్డు ఎవరిదో తెలియకపోతే డివైస్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూడండి: తయారీదారు కోడ్ 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14సీ3 ఉంటే మీడియాటెక్. దీనికి తిరకాసు కేసు కూడా ఉంది, పాత డ్రైవర్‌తో బాగా నడిచి కొత్తది వచ్చాక తెగడం మొదలయ్యే ల్యాప్‌టాప్‌లు. వాటికి అదే ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అనే బటన్ ఉంటుంది. కొత్తదే మంచిది, పాతదే మంచిది అని గుడ్డిగా పోకుండా, తెగడం ఏ రోజున మొదలైందో గుర్తుంచుకుని దానికి ముందు ఏం మారిందో చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువమందికి తెలియాల్సినది పది రోజుల గడువు. విండోస్ 11కి మారిన పది రోజుల లోపల సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ నొక్కి పాత విండోస్‌కి వెనక్కి వెళ్లిపోవచ్చు. మన ఫైళ్లు సాధారణంగా అలాగే ఉంటాయి, అయినా ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోవడం మంచిది. మారాక పెట్టుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. పది రోజులు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. స్థలం సరిపోవడం లేదని మధ్యలో పాత విండోస్ ఫోల్డర్‌ని డిలీట్ చేసినా అంతే. మాస్టారు నా దగ్గరికి వచ్చేసరికి నెల దాటింది. అప్‌గ్రేడ్ చేసి వెళ్లిపోయే పిల్లలు దయచేసి ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి వెళ్లండి, గోడ క్యాలెండర్ మీద ఆ పదో రోజుకి సున్నా చుట్టి వెళ్లండి. కంప్యూటర్ విండోస్ 11కి సరిపోని వాళ్లకి కూడా కంగారు అక్కర్లేదు, మైక్రోసాఫ్ట్ ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని ప్రకటించింది, దానికి పేరు నమోదు చేసుకోవాలి. వైఫై తంటా కోసమో, అప్‌డేట్ల భయంతోనో ఇప్పటికిప్పుడు కొత్త ల్యాప్‌టాప్ కొనేయాల్సిన పని లేదు.

అందరి జబ్బూ మాస్టారి జబ్బే అని నేను అనడం లేదు. ఇంటి నుంచి పనిచేసే ఒక అమ్మాయికి డ్రైవర్ అంతా బాగానే ఉంది, గడువు అయిపోయిన పాత యాంటీవైరస్ తాలూకు ముక్కలు నెట్‌వర్క్‌లో ఇరుక్కుని ఉన్నాయి, పూర్తిగా తీసేస్తే సర్దుకుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇంకొకాయనకి చుట్టూ ఇరవై రౌటర్లు, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే బ్యాండ్, అంటే ఒకే రకం రేడియో తరంగాల మీదే. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు మూడే, 1, 6, 11. ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చితే గది లోపల బాగుంది, గోడ దాటితే మళ్లీ మొదలు, ఎందుకంటే ఆ తరంగాలు గోడల్ని అంతగా దాటలేవు. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే ల్యాప్‌టాప్ అటూ ఇటూ గంతులేస్తూ మధ్యలో తెగుతుంది, అలాంటప్పుడు రౌటర్‌లో రెండిటికీ వేరే పేర్లు పెట్టి చూడండి. కార్డే నిజంగా చచ్చిపోయిన కేసు కూడా ఒకటి వచ్చింది. దానికి కొన్ని వందల రూపాయల్లో వచ్చే యూఎస్‌బీ వైఫై ముక్క పెడితే ల్యాప్‌టాప్ హాయిగా నడుస్తోంది.

ఇది ఒక్క కంపెనీ తంటా కూడా కాదు. 2014లో ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లకి యోసెమిటీ అనే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు వైఫై గొడవలు చాలామందికి వచ్చాయి. ఆ వెర్షన్‌లో నెట్‌వర్క్ పేర్లు వెతికే పాత ప్రోగ్రామ్‌ని తీసేసి కొత్తది పెట్టిన ఆపిల్, 2015 జూన్ చివర్లో ఇచ్చిన 10.10.4 అప్‌డేట్‌లో పాతదాన్నే మళ్లీ తెచ్చి పెట్టింది. 2023 డిసెంబర్‌లో ఒక విండోస్ 11 అప్‌డేట్ తర్వాత కాలేజీలు, ఆఫీసుల్లో ఉండే, యూజర్ నేమ్‌తో లాగిన్ అయ్యే రకం వైఫైకి కొన్ని కంప్యూటర్లు కలవలేదు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని, ఆ మార్పుని వెనక్కి తీసుకుంది. విండోస్ బదులు ఉబుంటు వాడే మా వీధి ఇంజనీరింగ్ కుర్రాడికి కూడా అప్‌గ్రేడ్ తర్వాత ఇదే గొడవ. అక్కడ నెట్‌వర్క్ మేనేజర్ ఫైల్‌లో వైఫై పవర్‌సేవ్ అన్నచోట 3 ఉంటే 2 చేసి రీస్టార్ట్ చేయాలి, 3 అంటే నిద్ర ఉండాలి, 2 అంటే వద్దు. అదే నిద్ర గొడవ, ఇల్లు వేరు అంతే. అంత పెద్ద కంపెనీలే తప్పు జరిగిందని ఒప్పుకుని వెనక్కి వెళ్లినప్పుడు, మన దగ్గర కస్టమర్‌ని పట్టుకుని "మీ ల్యాప్‌టాప్ పాతదైంది" అని ఎందుకు చెబుతున్నామో నాకర్థం కావడం లేదు.

నా తోటి షాపుల వాళ్లకి ఒక విన్నపం. వైఫై తెగుతోందని వచ్చినప్పుడు చార్జర్ తీసేసి అరగంట పక్కన పెట్టి చూడండి, డ్రైవర్ తేదీ చూడండి, అప్పుడు రేటు చెప్పండి. చూసినందుకు వంద రూపాయలు తీసుకోండి, కస్టమర్ సంతోషంగా ఇస్తాడు. నెట్ కంపెనీల కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు, రోజుకి ఇన్ని ఇళ్లు అని లెక్క పెట్టి పంపుతారు వాళ్లని. కానీ ఇంకో ఫోన్‌లో వస్తోందా లేదా అని చూడటానికి రెండు నిమిషాలు చాలు, అది చూడకుండా రౌటర్ మార్చమనొద్దని వాళ్ల పైవాళ్లు చెప్పాలి. ల్యాప్‌టాప్ కంపెనీలైతే అప్‌గ్రేడ్ మొదలవకముందే "మీ వైఫై కార్డు డ్రైవర్ పాతది, ముందు ఇది వేసుకోండి" అని ఒక్క హెచ్చరిక చూపిస్తే చాలు. మోడల్ వాళ్లకి తెలుసు, డ్రైవర్ వాళ్ల దగ్గరే ఉంది. దాన్ని సైట్‌లో ఏడు పేజీల లోపల పెట్టి ఊరుకోవడం సరికాదు.

ఎడిటర్ గారూ, మీకు కూడా ఒక విన్నపం ఉంది. మీ పత్రికలో వారానికోసారి టెక్నాలజీ అని సగం పేజీ వస్తుంది, అందులో కొత్త ఫోన్ల ధరలు, కెమెరా మెగాపిక్సెళ్లు ఉంటాయి. ఉండనీయండి. వాటి పక్కన నాలుగు వేళ్ల స్థలంలో, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి ఏదైనా అయితే ఏం చూసుకోవాలో మామూలు తెలుగులో రాయించండి. ఆ రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంటుంది, డివైస్ మేనేజర్‌లో మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, జవాబు వెతికితే వచ్చేదీ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన మనిషి, కాగితం మీద అంత చక్కగా రోగలక్షణాలు రాసుకోగలిగిన మనిషి, నాలుగు ఇంగ్లిష్ మాటల దగ్గర ఆగిపోయి రెండువేలు పోగొట్టుకున్నారు. మీ పాఠకుల్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో నాకన్నా మీకే బాగా తెలుసు.

రాయడానికి మనిషి కావాలంటే నేను రాసి పంపుతాను, డబ్బులేమీ అక్కర్లేదు. మాస్టారి కాగితం ఫొటో తీసి ఉంచాను. పేరు వేయకుండా ఉంటే అచ్చు వేసుకోవడానికి ఆయన సరేనన్నారు, "అక్షరదోషాలు ఏమైనా ఉన్నాయేమో చూసి పంపు" అని కూడా అన్నారు. చూశాను, ఒక్కటీ లేదు.

ఇట్లు,
డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
తెనాలి